పదకొండు సెకన్ల చెయ్యి

మా చలనచిత్ర సభ్యతా పరిశీలన మండలికి పద్దెనిమిది అంగుళాల స్కేలొకటి ఉంది. టేకు చెక్క, రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు. అది నా బల్ల సొరుగులో ఉంటుంది, సొరుగు తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. నా పేరు పేర్రాజు. హోదా సూపరింటెండెంటు. సమావేశాల్లో పెద్దలు నోటికొచ్చినట్టు మాట్లాడినదాన్ని మర్యాదగా ఫైల్లోకి ఎక్కించడం నా పని. వాళ్ళు బల్ల గుద్ది "ఛీ" అంటే నేను "సభ్యులు ఆవేదన వ్యక్తపరిచిరి" అని రాస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే రాస్తున్నాను.

ఆ స్కేలు పుట్టుక చెప్పాలి. మా అధ్యక్షులు పరాంకుశం గారు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. సినిమాలు చూసే అలవాటు బొత్తిగా లేదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని ప్రభుత్వం ఆయన్ని ఇక్కడ వేసింది. వచ్చిన మొదటిరోజే "సభ్యతకు కొలత ఏమిటయ్యా?" అని అడిగారు. ఎవరికీ తెలీదు. "కొలత లేకుండా పిల్లకాలవ కూడా తవ్వం, సంస్కృతిని ఎలా కాపాడతారు?" అని కోప్పడి, ఆ వారమే ఉత్తర్వు తెచ్చారు. తెరమీద ప్రేమించుకునే ఇద్దరి మధ్య పద్దెనిమిది అంగుళాల ఎడం ఉండాలి. నిర్మాతలు గోలపెట్టారు. ఎడం ఉంటే పాటలెలా తీస్తామన్నారు. సరే, ఆడామగా అయితే కథావసరం కింద మినహాయింపు ఇచ్చారు. ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో అయితే స్నేహం కింద మినహాయింపు ఇచ్చారు. దాంతో నియమం మిగిలింది గానీ అది వర్తించేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మూడేళ్ళు ఆ స్కేలు నా సొరుగులో ఊరికే పడుకుంది.

అప్పుడు హిమజ సినిమా వచ్చింది.

హిమజకు ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. అదే ఆమె మొదటి సినిమా. పేరు "కిటికీ పక్కన ఎవరు?" కథ చెప్పాలంటే రెండు ముక్కలు. భార్గవ్ విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. సాకేత్ బళ్ళో డ్రాయింగు మాస్టారు. రోజూ ఒకే సిటీ బస్సు ఎక్కుతారు, రోజూ కిటికీ సీటు కోసం కొట్టుకుంటారు. ఒకడు రుమాలు వేస్తే ఇంకొకడు రుమాలు మీదే కూర్చుంటాడు. ఆ తగవు మిరపకాయ బజ్జీల్లో పడి, నవ్వుల్లో పడి, ప్రేమలో పడుతుంది. ఎవరూ చావరు, ఎవరికీ మతి చలించదు. ఆఖరి సీన్లో భార్గవ్ కిటికీ సీటు సాకేత్‌కు వదిలేస్తాడు. సాకేత్ అతని చెయ్యి పట్టుకుంటాడు. పదకొండు సెకన్లు. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వెళ్ళిపోతాడు. శుభం.

దరఖాస్తు నా చేతికిస్తూ హిమజ అంది: "సార్, మీవాళ్ళు ఏది కొయ్యమన్నా కోస్తాను. ఆ పదకొండు సెకన్లు మాత్రం కొయ్యను. నేను సినిమా తీసిందే దానికోసం."

"చేతులే కదమ్మా, అంతగా ఏముంది?"

"బస్సు నిండా జనం ఉంటారు సార్. అందరి మధ్యా పట్టుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. అంతే ఉంది."

ఆ సీను మీద నాకు అభిప్రాయమేమీ లేదని చెప్పి నంబరు వేశాను. ప్రభుత్వం మాకు అభిప్రాయాలకు జీతం ఇవ్వదు. సాయంత్రం ఇంటికెళ్ళి కేశవులుకు మాత్రం చెప్పాను.

కేశవులు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. కిరాణా కొట్ల కాటాలకు ముద్రలు వేస్తాడు. ఊరు జగిత్యాల దగ్గర. నాది కోనసీమ. ఇరవై రెండేళ్ళ క్రితం చిక్కడపల్లిలో ఇల్లు వెతుక్కుంటూ ఇద్దరం ఒకే గేటు ముందు నిలబడ్డాం. గేటుకి "బ్యాచిలర్లకు ఇవ్వబడదు" అని బోర్డు ఉంది. ఇంటావిడ సుభద్రమ్మ గారు "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగితే, "మా మేనత్త కొడుకండీ, బావ" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. యాసలు కలవడం లేదేమిటని ఆవిడ అడిగితే, మేనత్తను తెలంగాణకు ఇచ్చారని చెప్పాను. అప్పట్నుంచీ ఆ వాటాలో బావా బావమరుదులం. ఇంట్లో మా బతుకు మాది. బయట మాత్రం బస్సులో ఒకే సీట్లో కూర్చున్నా ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉంటాయి.

కేశవులు అంతా విని, "పదకొండు సెకన్లా? గంతసేపు పట్టుకుంటరా బావా, బస్సుల?" అన్నాడు. "మీవోళ్ళు కోస్తరు తియ్యి" అని తేల్చేశాడు.

మావాళ్ళు సామాన్యులు కారు. అధ్యక్షులు కాక మరో ఇద్దరు సభ్యులున్నారు. డాక్టర్ లింగోద్భవరావు గారు సంస్కృతి నిపుణులు. తెలుగు సామెతల్లో గేదె అనే అంశం మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. శ్రీమతి అనసూయాదేవి గారు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్; ఏ సినిమా అయినా పిల్లలు పాడవుతారా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే చూస్తారు, ఆ ప్రశ్నకు జవాబు దొరకగానే నిద్రపోతారు. హిమజ సినిమాకు మాత్రం ఆవిడ నిద్రపోలేదు. పైగా రుమాలు సీను దగ్గర రెండుసార్లు నవ్వారు. దీపాలు వెలిగాక ఆ నవ్వుకు సిగ్గుపడి, అందరికంటే ముందు ఆవిడే అభ్యంతరం చెప్పారు.

"వాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారండీ," అన్నారు.

"అదే!" అన్నారు లింగోద్భవరావు గారు. "రాసుకోండి పేర్రాజు గారూ. సదరు పాత్రలు ఆద్యంతమూ ఉల్లాసముగా నుండుట తీవ్ర అభ్యంతరకరము."

హిమజ లేచింది. "సంతోషంగా ఉంటే తప్పేంటండీ?"

"అమ్మాయ్, ఏడిస్తే అది సమస్యాత్మక చిత్రం. మేం సానుభూతి చూపించవచ్చు. ఉత్తమ సందేశం కింద అవార్డుకు సిఫార్సు కూడా చెయ్యవచ్చు. మీవాళ్ళేమో బజ్జీలు తింటూ నవ్వుకుంటున్నారు. దేనికని సానుభూతి చూపించాలి?"

"ఒకడికి ఏదైనా జబ్బు చేయించకూడదూ?" అన్నారు అనసూయాదేవి గారు, సాయం చేసే ధోరణిలో. "ముదిరిన కామెర్లు పెట్టమ్మా. చూడ్డానికి కూడా బాగుంటుంది."

"అంత టైము దేనికండీ? బస్సు ఎలాగూ ఉంది, అది ఎక్కిస్తే సరి," అన్నారు అధ్యక్షులు.

హిమజ పెదవి కొరుక్కుని, "పోయిన నెల మీరు సకుటుంబ ముద్ర వేసిన సినిమాలో హీరో తన ఫ్రెండు ఒళ్ళో తలపెట్టుకుని పాట పాడాడు కదండీ. పెరుగన్నం ముద్దలు తినిపించాడు. నీకోసం పెళ్ళి మానేస్తానన్నాడు. దాన్ని ఎవరూ కొలవలేదే?" అంది.

"అది స్నేహం," అన్నారు పరాంకుశం గారు. "స్నేహంలో ఎంత దగ్గరకైనా రావచ్చు. పైగా ఆ కుర్రాడు ఆఖర్న ప్రాణమిచ్చాడు. మీవాడు ఇచ్చింది సీటు. పేర్రాజు గారూ, స్కేలు తెండి."

తెచ్చాను. మొలతాడు నుంచి తాళంచెవి తీయడానికి ఒక నిమిషం పట్టింది. తీరా తెచ్చాక, ప్రభుత్వ కొలతకు ప్రభుత్వ ముద్ర లేనిదే చెల్లదని లింగోద్భవరావు గారు మడతపేచీ పెట్టారు. తూనికలు కొలతల శాఖకు కబురు వెళ్ళింది. ఆ వార్డు ఇన్‌స్పెక్టరు ఎవరో మీకు తెలుసు.

మర్నాడు కేశవులు సంచీతో వచ్చాడు. స్కేలును తన ఇనప స్కేలు పక్కన పెట్టి చూసి, "సార్, ఇది పదిహేడు ముప్పావే ఉన్నది. కట్టె ఎండి గుంజుకున్నది," అన్నాడు. మూడేళ్ళలో రాష్ట్ర సభ్యత పావు అంగుళం తగ్గిందని తేలింది. అధ్యక్షులు ఆ విషయం బయటికి పోరాదని ఆదేశించారు. పావు అంగుళం ఇత్తడి అతికించి ముద్ర వేశాక కేశవులు నాతో, "బావా, టిఫిన్ డబ్బా బల్ల మీదనే మర్సిపోయినవ్, తెచ్చిన," అని డబ్బా నా చేతికిచ్చాడు.

"మీ బావగారా?" అన్నారు అధ్యక్షులు.

"చిత్తమండి. మేనత్త కొడుకు. ఒకే ఇంట్లో ఉంటాం."

ఆయన ముఖం విప్పారింది. "చూశారా లింగోద్భవరావు గారూ! బావా బావమరుదులు ఒకే కప్పు కింద! ఈ కాలంలో ఎక్కడుందండీ ఇలాంటి ఆప్యాయత?" అని కేశవులు భుజం తట్టారు. కేశవులు నా వంక చూడకుండా సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

కొలత మొదలైంది. ఇక్కడ మండలికి మునుపెన్నడూ ఎదురుకాని చిక్కు ఎదురైంది. మా హాల్లో తెర పెద్దది. తెరమీద భార్గవ్ ముక్కే రెండడుగులుంది. ఇద్దరి ముఖాల మధ్య ఎడం నాలుగడుగుల చిల్లర తేలింది. అంటే సినిమా నిబంధనలకు లోబడే ఉంది. "మరి జనం ఫోన్లో చూస్తే?" అన్నారు అనసూయాదేవి గారు. ఆవిడ ఫోన్లోనే పెట్టి కొలిచాం. అర అంగుళం కూడా రాలేదు. ఒకే ముఖాలు హాల్లో సభ్యంగానూ అరచేతిలో అసభ్యంగానూ ఉన్నాయి. రెండు గంటలు చర్చించి, ఒక్కో తెర సైజుకు ఒక్కో గుణకం పెట్టి పట్టిక తయారుచేశారు. దాని ప్రకారం సినిమాలో ప్రతి సీనూ ఎక్కడో ఒకచోట గట్టెక్కింది. గట్టెక్కనిది ఒక్కటే. చేతులు కలిసినచోట ఎడం సున్నా.

"సున్నాను దేనితో గుణించినా సున్నాయే," అన్నారు పరాంకుశం గారు, ఇంజనీరు గనక. "ఆ పదకొండు సెకన్లూ పోవాలి. రాయండి."

నేను రాయలేదు. కలంలో సిరా అయిపోయిందని చెప్పి వరండాలోకి వచ్చాను. హిమజ అక్కడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు గానీ ఏడ్చినా అంత బాధగా ఉండేది కాదు. నాకు చప్పున కోపం వచ్చింది. ఎవరిమీద అంటే చెప్పలేను, ఇరవై రెండేళ్ళ కోపం ఎవరిమీదని చెప్పడం?

"అమ్మా, ఒక్క మాట," అన్నాను. "వాళ్ళిద్దర్నీ బావా బావమరుదుల్ని చేసెయ్యి."

"ఏంటి సార్?"

"ఒక్క ఫ్రేమూ కొయ్యక్కర్లేదు. 'ఒరేయ్' అన్న నాలుగుచోట్లా 'బావా' అని డబ్బింగు చెప్పించు. బావా బావమరుదులు ఏం చేసినా మనవాళ్ళకు ముచ్చటే."

"అబద్ధం కదా సార్ అది! వాళ్ళు ప్రేమించుకున్నారు."

"అబద్ధమే. ఆ అబద్ధం మీద ఒక ఇల్లు ఇరవై రెండేళ్ళుగా నిలబడి ఉంది. నాకు తెలుసు."

ఆమె నా ముఖం వంక చాలాసేపు చూసింది. టిఫిన్ డబ్బా వంక కూడా చూసినట్టుంది. "సరే సార్," అంది.

వారం తర్వాత మళ్ళీ ప్రదర్శన. సినిమా అదే, నవ్వులు అవే, చేతులు అవే. మా సభ్యులే మారిపోయారు. భార్గవ్ మొదటిసారి "జరుగు బావా" అనగానే అనసూయాదేవి గారు హాయిగా వెనక్కి వాలారు. "బావా బావమరుదుల సరసం! ఎన్నాళ్ళయిందండీ తెరమీద చూసి!" అన్నారు. లింగోద్భవరావు గారు మాత్రం నిపుణులు గనక ప్రశ్న వేశారు. "ఎవరి చెల్లెల్ని ఎవరికిచ్చారు? చిత్రంలో చెల్లెలు కనబడదే?"

"మేనరికపు వరసండీ," అన్నాను నేను. "మేనత్త కొడుకూ, మేనమామ కొడుకూ."

"భేష్. అయితే నిక్షేపంలాంటి వరస. నమోదు చెయ్యండి, సినిమా మొదట్లో తెరమీద కూడా వేయించండి."

అధ్యక్షులు ఇంకో అడుగు ముందుకేశారు. "ఆ చెయ్యి పట్టుకునే సీను మరీ పొట్టిగా ఉందమ్మా. ఇంకాస్త ఉందా?"

"ఎడిటింగులో తీసేసిన తొమ్మిది సెకన్లున్నాయండీ," అంది హిమజ.

"అవీ కలపండి. పేర్రాజు గారూ, రాసుకోండి. విచ్ఛిన్నమగుచున్న కుటుంబ బంధముల పరిరక్షణ దృష్ట్యా సదరు కరగ్రహణ సన్నివేశమును ఇరువది సెకన్లకు పొడిగించవలసినదిగా మండలి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

ఇరవై ఆరేళ్ళలో నేను ఒక్క అక్షరం మార్చకుండా రాసిన వాక్యం అదొక్కటే.

సినిమా విడుదలైంది. మొదటి వారం పల్చగా ఉంది. రెండో వారం నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. మా సుభద్రమ్మ గారు కూడా భజన బృందాన్ని వెంటేసుకుని మ్యాట్నీకి వెళ్ళొచ్చారు. ఆవిడకు డెబ్భై నాలుగేళ్ళు. వచ్చీరాగానే చేతిసంచీతోనే మా వాటాలోకి వచ్చి నన్ను కడిగేశారు.

"మీ ఆఫీసులో బుద్ధున్నవాడు ఒక్కడూ లేడుటయ్యా? మేనత్త కొడుకూ మేనమామ కొడుకూ. వరసైనవాళ్ళు. ఒకళ్ళమీద ఒకళ్ళకి మనసు. చక్కగా నలుగురిలో చెయ్యి పట్టుకున్నారు. ఆ తర్వాత? శుభం అని వేసేశారు! ముహూర్తం ఏదీ?"

"పిన్నిగారూ, వాళ్ళిద్దరూ మగపిల్లలు కదండీ," అన్నాను.

"అది నేను చూశానులే, నాకు కళ్ళజోడుంది. నువ్వు ముందు వరస సంగతి చెప్పు. సంబంధం బయటికి పోలేదు, పిల్లలు బుద్ధిమంతులు, ఒకడు మాస్టారు కూడాను. ఇహ పెద్దలు అడ్డం చెప్పడానికి ఏముంటుంది?" అని ఆయాసం తీర్చుకుని, మా ఇద్దరి వంకా ఒకసారి చూశారు. పొయ్యిమీద పాలు నా కళ్ళముందే పొంగిపోయాయి. "స్టౌ ఆపు పేర్రాజూ," అని ఆవిడ తన వాటాలోకి వెళ్ళిపోయారు.

కేశవులు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు. ఆవిడ వాటా ఖాళీ చెయ్యమంటారని రెండురోజులు ఎదురుచూశాం. మూడోరోజు గుమ్మంలో ఒక గిన్నెడు పరమాన్నం పెట్టి ఉంది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. మండలికి ఉత్తరం రాశారు. "వరసైన పిల్లలచేత నడిబస్సులో చేతులు పట్టించి, ఊరంతా ఇరవై సెకన్లు చూశాక, ముహూర్తం పెట్టకుండా వదిలేయడం ఏ ఇంటి మర్యాద? పరువుగల కుటుంబాల వాళ్ళం ఇది సహించం." కింద భజన బృందం సంతకాలు. అలాంటి ఉత్తరాలు మూడు వారాల్లో మూడొందల పన్నెండు వచ్చాయి. ప్రేమను తప్పుపట్టినవి అందులో తొమ్మిదే. తక్కినవన్నీ పెళ్ళి చెయ్యనందుకు తిట్టినవి.

అత్యవసర సమావేశం పెట్టారు. లింగోద్భవరావు గారు రెండు సంచుల పుస్తకాలు తిరగేసి, నిట్టూర్చి, "సంప్రదాయరీత్యా ఫిర్యాదుదారుల వాదనలో పస ఉంది. అదే మన దురదృష్టం," అన్నారు.

"అసలు ఈ మేనరికం ఎవరు తెచ్చారండీ?" అని అధ్యక్షులు కేకేశారు.

నేను మినిట్సు చదివి వినిపించాను. "మండలి ఏకగ్రీవముగా" అన్నచోట కొంచెం నెమ్మదిగా చదివాను. ఆయన మంచినీళ్ళు తాగారు.

"అయితే సరే. ఇకమీదట తెరమీద ఇద్దరు మగవాళ్ళ మధ్య బావా బావమరుదుల వరస నిషేధం."

"మరి స్నేహితులని చెప్పుకుంటారేమో?" అన్నారు అనసూయాదేవి గారు.

"స్నేహంలోంచే కదండీ ఇదంతా మొలిచేది! స్నేహమూ నిషేధం."

"అపరిచితులైతే?"

"ఆ బస్సులో వాళ్ళిద్దరూ మొదట అపరిచితులేగా? పరిచయం లేకపోవడమే అసలు ప్రమాదం. అదీ నిషేధం."

గదిలో అందరూ తలలు పట్టుకున్నారు. ఇద్దరు మగవాళ్ళు తెరమీద కలిసి కనబడటానికి ఇంక ఏ దారీ మిగల్లేదు. చాలాసేపటికి లింగోద్భవరావు గారి ముఖం వెలిగింది. "శత్రువులు?" అన్నారు.

"శత్రువులకు ఎడం ఎంత ఉండాలండీ?" అని నేను అడిగాను. స్కేలు నా బాధ్యత కనక.

"పిచ్చి ప్రశ్న. ఎడం ఉంటే కత్తి ఎలా దిగుతుంది? వాళ్ళకు ఎడం అక్కర్లేదు," అన్నారు అధ్యక్షులు.

ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద సినిమా పరిశీలనకు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు నలభై ఒక్క నిమిషాలపాటు రొమ్ముకు రొమ్ము ఆనించి, జుట్టుపట్టుకుని, బురదలో పొర్లుతూ నరుక్కున్నారు. సకుటుంబ ముద్ర పది నిమిషాల్లో పడింది. ఎక్కడా ప్రేమ లేదు, పిల్లల్ని నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు అన్నారు అనసూయాదేవి గారు.

హిమజ సినిమాకు ముద్ర వెనక్కి తీసుకుందామంటే మండలి స్వయంగా సెకన్లు పెంచిన రికార్డు ఉంది. అందుకని సిగరెట్టు కాల్చే సీన్లకు వేసినట్టు, చేతులు పట్టుకునేచోట కింద అక్షరాలు వెయ్యమన్నారు: "వీరిద్దరూ శత్రువులు. మండలి ఉత్తర్వు ప్రకారం." హాల్లో ఆ అక్షరాలు పడగానే జనం ఈలలు వేస్తున్నారని, ఆ ఈలల కోసమే కుర్రాళ్ళు రెండోసారి వస్తున్నారని హిమజ ఫోన్లో చెప్పి పగలబడి నవ్వింది. "ఇరవై సెకన్లూ ఉన్నాయి సార్. ఒక్కటి కూడా పోలేదు," అంది.

నేను నవ్వేలోపే నా బల్ల మీదికి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రజలకు చెప్పేముందు మండలి సిబ్బంది ఆదర్శంగా ఉండాలట. ఒకే కప్పు కింద వేరే మగమనిషితో నివసించే ప్రతి మగ ఉద్యోగీ సంబంధం ప్రకటించాలి. బంధువైతే తహసీల్దారు సంతకంతో వంశవృక్షం జతపరచాలి. స్నేహితుడైతే సంజాయిషీ ఇవ్వాలి. అపరిచితుడైతే పోలీసులకు తెలియపరచాలి. నాలుగో గడి శత్రువుది, దానికి మాత్రం వేరే కాగితం ఏదీ అడగలేదు.

ఇంటికి తెచ్చి కేశవులు ముందు పెట్టాను. జగిత్యాలకూ కోనసీమకూ కలిపి వంశవృక్షం గీయాలంటే గోదావరిని ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు ఎండగట్టాలి. అబద్ధం చెప్పడం కొత్త కాదు. కానీ అది నోటితో గేటు దగ్గర చెప్పిన అబద్ధం. ఇది కాగితం. తేలితే ఉద్యోగం పోతుంది, దాని వెనకే ఇల్లూ పోతుంది, ఆ ఇంట్లో ఉన్నదంతా పోతుంది.

కేశవులు కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదివాడు. కాటాల మీద మోసం వెతికే చూపు అది. "గీ నాలుగోది పెట్టు బావా," అన్నాడు.

"శత్రువా?"

"కాదా ఏంది? నిన్న చింతపండు మీద కొట్లాడలే? మొన్న ఫ్యాన్ మీద కొట్లాడలే? రాయి. నేను సాక్షి సంతకం పెడ్త."

"వైరమునకు కారణము" అని పక్కన చిన్న గడి ఉంది. "బస్సులో కిటికీ సీటు, ఇరువది రెండు సంవత్సరములుగా" అని రాశాను. అది మాత్రం నిజం.

అధ్యక్షులు నా ఫారం చదివి కంగారుపడ్డారు. "అదేమిటయ్యా, మీ బావ అన్నావు కదా?"

"వరసలు నిషేధం కదండీ ఇప్పుడు. అందుకని తెంచేసుకున్నాం."

"శత్రువుతో ఒకే ఇంట్లో... ప్రాణానికి ముప్పు లేదు కదా?"

"అలవాటైపోయిందండి."

ఆయన కళ్ళలో గౌరవం కనబడింది. విధినిర్వహణ కోసం ఇంత త్యాగం ఎవరు చేస్తారని మెచ్చుకుని, సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేయించి, నకలు నాకిచ్చారు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆ ఆదివారం ఇద్దరం ఆ సినిమాకు మ్యాట్నీకి వెళ్ళాం. కింద అక్షరాలు పడినప్పుడు హాలంతా ఈలలు వేసింది. కేశవులు మాత్రం వెయ్యలేదు. రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు, రెండుసార్లు.

బయటికొచ్చి సిటీ బస్సెక్కాం. కిక్కిరిసి ఉంది. మధ్యలో ఒక సీటు ఖాళీ అయింది. నేను కిటికీ వైపు ఉరకబోతూ అలవాటుగా తగవుకు సిద్ధపడ్డాను. కేశవులు పక్కకు తప్పుకుని, "కూసో," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

కూర్చున్నాను. ఆయన పక్కన కూర్చున్నాడు. నారాయణగూడ దాటాక నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముద్రలు వేసీ వేసీ గరుకెక్కిన చెయ్యి. అది ఒక్కసారి బిగుసుకుంది, తర్వాత నా చేతిలోనే ఊరుకుంది.

"బావా, ఎవలన్న చూస్తరు," అన్నాడు మెల్లగా.

"చూడనీ. శత్రువులం. జేబులో కాగితం ఉంది, సీలు కూడా ఉంది."

కండక్టరు వచ్చాడు. చేతుల వంక చూశాడో లేదో తెలీదు. "ఇద్దరికీ కలిపేనా?" అన్నాడు.

"కలిపే," అన్నాను.

టికెట్లు చింపిచ్చి ముందుకెళ్ళిపోయాడు. ముందు సీట్లో ఒకామె కరివేపాకు కట్ట వాసన చూసుకుంటోంది. వెనకెవరో ఫోన్లో అరుస్తున్నారు. ఎవరూ ఏమీ అనలేదు.

కేశవులు తూనికలు కొలతల మనిషి. రెండో చేతి గడియారం వంక చూస్తూనే ఉన్నాడు. "పదకొండు అయినయ్," అన్నాడు.

"ఇరవై దాకా ఉంచమని మండలి తీర్మానం," అన్నాను.

ఇరవై అయినప్పుడు ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.